కురుమూర్తి మడి

గుండ్లవాగు వ్యవసాయ విస్తరణాధికారి నాగవేణికి ఒక పిల్లవాడి మీద బెంగ పట్టుకుంది. సొంత బిడ్డ కాదు. ఆఫీసు వెనక జాగాలో ఆమె నడిపే బాలరైతు సంఘంలో ఒకడు, పేరు కురుమూర్తి.

ఆదివారం వచ్చిందంటే చుట్టుపక్కల ఊళ్ల పిల్లలంతా అక్కడ వాలిపోతారు. ఒక్కొక్కరికి ఒక చిన్న మడి, ఒక చిన్న పార. విత్తనం ఎంత లోతున వేయాలో, పురుగు ఆకు వెనక ఎక్కడ దాక్కుంటుందో చూపించి, మిగతాది వాళ్లకే వదిలేస్తుంది నాగవేణి. కురుమూర్తికి ఆమాత్రం చూపించే పని కూడా ఉండేది కాదు. మట్టిని గుప్పిట్లో పిసికి చూసి, "ఇయ్యాల వద్దు మేడం, రేపు తడి పెడ్దం" అనేవాడు. చూస్తే వాడి మాటే సరైనదయ్యేది. ఆమె పైకి "చాల్లే పెద్దమనిషీ" అన్నా లోపల మురిసిపోయేది.

ఎండాకాలంలో వాడి అమ్మానాన్నలు పుణెలో కట్టడం పనికి పోతూ వాడినీ వెంట తీసుకుపోయారు. పోయేముందు వాడు పార కడిగి, తుడిచి తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

"వానలకల్లా వస్త మేడం. నా మడి పైలం" అన్నాడు.

వానలు పడ్డాయి. మిగతా మడుల్లో బెండ, గోరుచిక్కుడు మొలిచి మోకాలెత్తు లేచాయి కానీ వాడు మాత్రం రాలేదు.

నాగవేణి ఆ మడిలో గడ్డి పీకుతూనే ఉంది, నీళ్లు చల్లుతూనే ఉంది. ఒక్క విత్తనం మాత్రం పడనివ్వలేదు. పారను తన గదిలో మేకుకు తగిలించుకుంది. అఖిల అనే కొత్త పిల్ల వచ్చి తనకూ మడి కావాలని అడిగితే, జాగా లేదు బిడ్డా అని పంపేసింది. ఆ పిల్ల ఖాళీ మడి వంక చూసింది, మేడం వంక చూసింది, వెళ్లిపోయింది. పై ఆదివారం మళ్లీ వచ్చి కంచె పక్కన నిలబడింది.

"మేడం ఆ మడిల ఎదురుచూపులు పండిస్తున్నది" అని అటెండరు ఎల్లస్వామి వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేవాడు. నవ్వితే నవ్వనీ అనుకునేది ఆమె. కానీ అఖిల ముఖం మాత్రం ఇంటికి వెళ్లినా వెంటబడి వచ్చేది. ఆ మడి ఇవ్వనూ లేకపోయింది, ఇవ్వకుండా ఉండనూ లేకపోయింది.

ఒక సెలవు రోజున బస్సెక్కి ఖాజా సారు దగ్గరికి పోయింది. ఆమెకు చిన్నప్పుడు ఈ విద్యంతా నేర్పినవాడాయన. ఎర్రచెలక ఊళ్లో విస్తరణాధికారిగా ఉన్నప్పుడు పిల్లల తోట మొదలుపెట్టి, రిటైరై ఏళ్లు గడిచినా దాన్ని విడిచిపెట్టలేదు. ఆమె వెళ్లేసరికి బోర్లించిన గంప మీద కూర్చుని చిక్కుడు గింజల్లో పుచ్చులు ఏరుతున్నాడు.

"సార్, పోయిన పిల్లల్ని ఎట్ల మర్చిపోవాలె?" అని అడిగింది నాగవేణి, కూర్చోకుండానే.

"చాయ్ తాగినవా?" అన్నాడాయన.

ఆమె సంగతంతా చెప్పింది. ఆయన విన్నంతసేపూ గింజలు ఏరుతూనే ఉన్నాడు. అయ్యాక తలెత్తి, మడిలో తవ్వుతున్న ఒక పిల్లను కేకేశాడు.

"రుక్సానా, ఆ పార ఒకపారి ఇటియ్యి బిడ్డా."

పార తెచ్చి నాగవేణి చేతిలో పెట్టించాడు. ఇనుము కొత్తదే. పట్టుకునే కర్ర కామ మాత్రం పాతది, పిల్లల చేతులు పడి పడి నున్నబడింది. బొటనవేలు ఆనే చోట, వేడి పుల్లతో కాల్చిన జొన్నకంకి గుర్తు. దాని కింద ఎవరిదో చేప, ఇంకెవరిదో చుక్క, ఒక వంకర అక్షరం. ఆ జొన్నకంకి తనదే. చిన్నప్పుడు పొయ్యి దగ్గర కూర్చుని, వేలు కాల్చుకుని వేసింది.

పై చదువుకు పట్నం పోయి, మొదటి సెలవులకు ఇంటికి కూడా పోకుండా ఈ తోటకే పరిగెత్తుకొచ్చిన రోజు ఆమెకు గుర్తొచ్చింది. అప్పుడు ఈ పార ఎవరో పిల్లవాడి చేతిలో ఉంది. తన మడిలో వాడు వంకాయ నారు పెడుతున్నాడు. గేటు దగ్గరి నుంచే వెనక్కి తిరిగి, బస్టాండులో కూర్చుని ఏడ్చింది. సారుకు నేనేమీ కానన్నమాట అనుకుంది. ఆ ముల్లు ఇన్నేళ్లూ అట్లాగే ఉండిపోయింది.

"నేను పోయినంక దీన్ని ఎప్పుడిచ్చిన్రు సార్, ఇంకొకలకు?"

"అదే దినం. నీ బస్సు వాగు దాటిందో లేదో."

"నేను మీకు యాదికే రాలేదా సార్?"

ఖాజా సారు పార తీసుకుని మళ్లీ రుక్సానాకిచ్చాడు. "నువ్వు తవ్వుకో బిడ్డా" అన్నాడు. నాగవేణి వైపు తిరిగి, "నువ్వు కండ్లు మూసుకో" అన్నాడు.

మూసుకుంది. తడి మట్టిలో పార దిగిన చప్పుడు. గులకరాయికి తగిలి గీరుకున్న చప్పుడు. కాసేపు ఆగి మళ్లీ అదే చప్పుడు.

"నువ్వు పోయినప్పటిసంది ఈ చప్పుడు వింటనే ఉన్న" అన్నాడాయన.

నాగవేణి చాలాసేపు కళ్లు తెరవలేదు. తెరిచాక కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మరి వాడొస్తె సార్? నా మడి ఏదంటె?"

"ఆ దినం నువ్వు గేటు కాడికెల్లే మర్లిపోతివి" అన్నాడు ఖాజా సారు. "లోపటికొస్తవని నేను ఇంకో పార పట్టుకొని నిలబడి ఉంటి."

ఆ మాట అని మళ్లీ గింజల్లో పడ్డాడు.

ఆ ఆదివారం నాగవేణి మేకుకు వేలాడుతున్న కురుమూర్తి పార తీసింది. వస్తూ దారిలో కొన్న కొత్త పారను అదే మేకుకు తగిలించింది. కంచె పక్కన నిలబడ్డ అఖిలను పిలిచి, పాతది చేతిలో పెట్టి మడి చూపించింది.

"ఆ అన్న మడి కద మేడం?" అంది ఆ పిల్ల భయంగా.

"వాని మడే. మంచిగ తవ్వు" అంది నాగవేణి.

వెనక్కి వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చుని కళ్లు మూసుకుంది.

"తలనొప్పా మేడం? గోలీ తెమ్మంటవా?" అన్నాడు ఎల్లస్వామి.

ఆమె ఆగమన్నట్టు చెయ్యెత్తింది. వెనక మడిలో పార మట్టిని తాకింది.