ఓబయ్య విప్పిన కప్పు

అనగనగా అంటే ఏ సంవత్సరం అని అడగకండి. నాకు తెలియదు, తెలియనిది చెప్పకూడదు. గుళ్ళకి తాటాకు కప్పులుండేవి, వాక్యం చెప్పే అయ్యగారు ఎద్దుబండి మీద ఏడాదికోసారి వచ్చేవారు. అంత పాత రోజులు.

ఒక పల్లె. ఆ పల్లెలో క్రైస్తవుల గుడి ఒకటి. మట్టి గోడలు, తాటాకు కప్పు, ఒకటే గుమ్మం. ఆ ఒక్క గుమ్మాన్ని గుర్తుపెట్టుకోండి. వచ్చిన చిక్కంతా దానితోనే.

ఆ పల్లెలో ఓబయ్య అని ఒకడుండేవాడు. బాప్తిస్మంలో పెట్టిన పేరు ఓబద్యా. అంత పేరు పలకడానికి ఊళ్ళో ఎవరికీ తీరిక లేదు. అతని పని కప్పులు నేయడం. మీరు తాటాకు కప్పు చూడలేదు గనక చెబుతాను. ఆకు కోసి, పరిచి, బరువు పెట్టి చదును చేస్తారు. చూరు దగ్గర మొదలుపెట్టి ఒకదాని మీద ఒకటి పరుచుకుంటూ పైకి పోతారు. ప్రతి ఆకునీ నారతో కర్రలకి కడతారు. ఒక్క ముడి వదులైతే వాన మంచం మీదే. ఊళ్ళో కప్పులన్నీ ఓబయ్య నేసినవే. గుడి కప్పూ అతనిదే. గుడి పనికి మాత్రం గిద్దెడు గింజలు కూడా పుచ్చుకునేవాడు కాదు.

ఆ పల్లెలోనే లేయమ్మ అని ఒక ముసలావిడ. ముప్పై ఏళ్ళు ప్రతి శనివారం గుడి నేల అలికింది ఆవిడే. ఒక వానాకాలం కాళ్ళు పడిపోయాయి. అప్పటినుంచి నులకమంచమే ఇల్లు. ఆవిడకి ఒకటే కోరిక. కన్ను మూసేలోగా ఒక్కసారి, తను అలికిన నేల మీద, ప్రభువు బల్ల తీసుకోవాలి. బల్ల అంటే రొట్టె, ద్రాక్షరసం. అవి ఇచ్చే అధికారం అయ్యగారికే ఉంది. ఆయన వచ్చేది ఏడాదికోసారి, కోతలయ్యాక. నలభై పల్లెలకి ఆయనొక్కడే.

మొదటి ఏడు ఏం జరిగిందో వినండి.

అయ్యగారు వచ్చారు. గుడి నిండింది. గుమ్మం ఇంకా నిండింది. ఎందుకో తెలుసా? లోపల కూర్చుంటే ప్రసంగం మధ్యలో లేచి పోవడానికి సిగ్గు. బయట నిలబడితే రాలేదంటారని భయం. అందుకని వచ్చినవాళ్ళలో సగంమంది గుమ్మంలోనే నిలబడేవాళ్ళు. అదొక అలవాటు. చెడ్డ అలవాటని ఎవరికీ తోచలేదు.

అయ్యగారు వాక్యం చదివారు. ప్రభువు ఒక ఇంట్లో బోధిస్తున్నాడు. జనం క్రిక్కిరిసి ఉన్నారు. నలుగురు మనుషులు కాళ్ళూ చేతులూ పడిపోయినవాణ్ణి మంచం మీద మోసుకొచ్చారు. లోపలికి దారి లేదు. ఇంటి పైకెక్కి, కప్పు విప్పి, మంచాన్ని ప్రభువు ముందుకి దింపారు. ప్రభువు వాడి పాపాలు క్షమించాడు, లేచి నడువమన్నాడు. వాడు లేచి నడిచాడు.

"ఆ నలుగురి విశ్వాసం చూడండి," అన్నారు అయ్యగారు.

గుమ్మంలోంచి ఓబయ్య చెయ్యెత్తాడు. "అయ్యగారూ, ఆ కప్పు మళ్ళీ ఎవరు నేశారండీ?"

గుడంతా నవ్వింది. సంఘపెద్ద జెకర్యా ముందు వరసలోంచి వెనక్కి తిరిగి, "నీ ఊరు కాదులే ఓబయ్యా, నిన్ను పిలవరు," అన్నాడు.

"కప్పు ముఖ్యం కాదు నాయనా, విశ్వాసం ముఖ్యం," అన్నారు అయ్యగారు.

ఓబయ్య మనసు ఊరుకోలేదు. కప్పు ముఖ్యం కాదు అనేవాళ్ళు వానలో తడవనివాళ్ళు అనుకున్నాడు.

అదే సమయంలో లేయమ్మ ఇద్దరు కోడళ్ళు మంచం మోసుకుని గుమ్మం దాకా వచ్చారు. "కాస్త దారివ్వండి," అన్నారు. "ఉండండమ్మా, ప్రార్థన జరుగుతోంది. అయ్యగారికి చెబుతాంలే," అన్నారు గుమ్మంలోవాళ్ళు. ఎవరో ఒకరు చెబుతారని అందరూ అనుకున్నారు. ఎవరూ చెప్పలేదు. బల్ల అయిపోయింది. బండి వెళ్ళిపోయింది. మంచం ఇంటికి పోయింది.

రెండో ఏడు. అయ్యగారు వచ్చారు. గుడి నిండింది. గుమ్మం ఇంకా నిండింది. అయ్యగారు మళ్ళీ అదే వాక్యం చదివారు. నలభై పల్లెలు తిరిగే మనిషికి ఎక్కడ ఏది చెప్పారో గుర్తుంటుందా? పోయినేడు ఇదే విన్నామని ఎవరైనా చెప్పవచ్చు. విన్నది గుర్తుంటే కదా చెప్పడానికి.

ఓబయ్యకి మాత్రం గుర్తుంది. ఏడాదంతా కప్పుల మీద కూర్చుని దాని గురించే ఆలోచించాడు. గుమ్మంలోంచి చెయ్యెత్తాడు.

"అయ్యగారూ, తలుపున్న ఇంటికి కప్పు విప్పడమేంటండీ? ఆ గుమ్మంలో ఎవరు నిలబడ్డారు?"

అయ్యగారు గడ్డం నిమురుకున్నారు. "ప్రభువుని తప్పుపట్టే శాస్త్రులు, పరిసయ్యులు అయ్యుంటారు నాయనా."

హమ్మయ్య అనుకుంది గుడంతా. మనం కాదు.

అప్పుడు ఓబయ్య వెనకనుంచి, మోకాళ్ళ ఎత్తులో, ఒక సన్నని గొంతు వినిపించింది. "నువ్వేరా ఓబయ్యా."

తిరిగి చూశాడు. మంచం మీద లేయమ్మ. "రెండేళ్ళుగా నాకు నీ వీపే కనబడుతోంది. ప్రభువుని చూద్దామని వచ్చి నీ వీపు చూసి పోతున్నా. కప్పు కారుతుందేమోనని పైకి చూస్తావు. వెనక్కి ఒక్కసారి చూడవేంరా?"

ఓబయ్య మొహం మాడిపోయింది. పక్కకి జరిగాడు. అతను జరిగిన చోట్లోకి ఇద్దరు వచ్చి నిలబడ్డారు. "జరగండి బాబూ," అన్నాడు. "ష్, ప్రార్థన," అన్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. కళ్ళు మూసుకున్నవాణ్ణి జరపడం దేవుడి తరం కూడా కాదు. బల్ల అయిపోయింది. ఓబయ్య బండి వెంట పొలిమేర దాకా పరిగెత్తాడు.

"రొట్టె అయిపోయింది నాయనా, అవతల పల్లెవాళ్ళు ఎదురుచూస్తున్నారు," అన్నారు అయ్యగారు. "వచ్చే ఏడు తప్పకుండా ఇస్తాను. గుర్తుచెయ్యి."

"వచ్చే ఏటికి ఆవిడుంటుందా అండీ?" అన్నాడు ఓబయ్య. బండి అప్పటికే కదిలింది.

ఆ ఏడంతా ఓబయ్య గడప గడపకీ తిరిగాడు. గుమ్మంలో నిలబడొద్దు అని చెప్పాడు. జెకర్యా పెద్దకి చెప్పాడు. "నిజమే ఓబయ్యా. ఆ కుర్రాళ్ళకి చెప్పు," అన్నాడు పెద్ద. కుర్రాళ్ళకి చెప్పాడు. "నిజమే బాబాయ్. ఆ పిల్లల తల్లులకి చెప్పు," అన్నారు వాళ్ళు. పిల్లల తల్లులకి చెప్పాడు. "నిజమే అన్నా. ఆ మగాళ్ళకి చెప్పు," అన్నారు వాళ్ళు. ఊరంతా నిజమే అంది. ఒక్కరూ నేనే అనలేదు.

లేయమ్మ ఆ ఏడు చిక్కి సగమైంది. గంజి కూడా సరిగా దిగడం లేదు.

మూడో ఏడు. ముందే తీసుకురావచ్చుగా అని మీరు అడుగుతారు. ఓబయ్య కూడా అదే అనుకున్నాడు. తెల్లవారగానే, ఎవరూ రాకముందే, కోడళ్ళు మంచం తెచ్చి గుళ్ళో పెట్టారు. అప్పుడు జెకర్యా పెద్ద వచ్చాడు. "మంచం లోపలుంటే పదిమంది కూర్చునే చోటు పోతుందమ్మా. అందరూ సర్దుకున్నాక చూద్దాం," అని బయట పెట్టించాడు. చెడ్డవాడు కాదు. చాపలు పరిచే తొందరలో ఉన్నాడు, అంతే. అందరూ ఏదో ఒక తొందరలోనే ఉంటారు.

అయ్యగారు వచ్చారు. గుడి నిండింది. గుమ్మం ఇంకా నిండింది. నిజమే అన్నవాళ్ళందరూ గుమ్మంలోనే ఉన్నారు. అయ్యగారు గ్రంథం తెరిచారు. అదే వాక్యం.

ఈసారి ఓబయ్య చెయ్యెత్తలేదు. గుడి వెనక్కి వెళ్ళాడు. నిచ్చెన తెచ్చి గోడకి వేశాడు. నడుముకి కత్తి దోపుకుని పైకెక్కాడు.

లోపల అయ్యగారు చదువుతున్నారు. కప్పు విప్పారు అనే మాట దగ్గరికి వచ్చేసరికి గ్రంథం మీద ఎండ పడింది. ఆయన తలెత్తారు. కప్పులో జానెడు ఆకాశం. తర్వాత మూరెడు ఆకాశం. తర్వాత బారెడు ఆకాశం, అందులో ఓబయ్య తల.

"ఏం చేస్తున్నావు నాయనా?"

"తమరు చదివిందే చేస్తున్నానండీ. ఆపకండి."

"దిగరా ఓబయ్యా, మతి పోయిందా," అని అరిచాడు జెకర్యా పెద్ద.

"తాడు తెచ్చాను పెద్దా. మంచాన్ని పైకి లాగి లోపలికి దింపుతాను. మీరెవరూ కష్టపడి జరగక్కర్లేదు."

కింద మంచం మీదనుంచి లేయమ్మ ఈ మాట విన్నది. "నన్ను పైకి లాగితే ఊరుకోను," అంది. "నేనేమన్నా ఉట్టిలో పెట్టే కుండనా? గుమ్మముండగా కప్పులోంచి ఎందుకురా?"

"గుమ్మం ఎక్కడుందక్కా? నాకు మనుషులే కనబడుతున్నారు."

కప్పు విప్పుతున్నాడంటే చూడకుండా ఉంటారా? గుమ్మంలోవాళ్ళు బయటికి ఉరికారు. వాళ్ళ వెనక లోపలివాళ్ళు ఉరికారు. చంకన బిడ్డలతో తల్లులు వచ్చారు. అందరికంటే ముందు జెకర్యా పెద్ద వచ్చి నిచ్చెన పట్టుకుని ఊపాడు. ఊరంతా గుడి చుట్టూ చేరి, తలలు పైకెత్తి, ఓబయ్యని తిట్టడం మొదలుపెట్టింది. మూడేళ్ళలో మొదటిసారి గుమ్మం ఖాళీ అయింది.

కోడళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మంచం ఎత్తుకుని గుమ్మం దాటి లోపలికి నడిచారు.

లోపల అయ్యగారొక్కరే ఉన్నారు. మంచం చూసి గ్రంథం పక్కన పెట్టి, రొట్టె చేతిలోకి తీసుకున్నారు. విప్పిన కప్పులోంచి ఎండ నేల మీద నలుచదరంగా పడుతోంది. కోడళ్ళు మంచం ఆ ఎండలో దించారు.

"వందనాలండీ అయ్యగారూ," అంది లేయమ్మ. చెయ్యి కిందికి చాచి నేలని తడిమింది. "ఎవరు అలుకుతున్నారో గానీ, మూలలు వదిలేస్తున్నారు."

అయ్యగారు మోకాళ్ళ మీద కూర్చుని రొట్టె విరిచి ఆవిడ చేతిలో పెట్టారు. తర్వాత గిన్నె పట్టారు. ఆవిడ తీసుకుంది. లేచి నడవలేదు. అది నేను చెప్పను, ఎందుకంటే జరగలేదు. మంచం మీద వచ్చింది, మంచం మీదే వెళ్ళింది. కానీ ఆ రోజు గంజి తాగి, మూడేళ్ళ తర్వాత కోడళ్ళతో పరాచికమాడి నవ్విందని చెబుతారు. పదిహేను రోజులకి నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళింది.

బయట ఊరు ఇంకా తిడుతూనే ఉంది. ఎవరో లోపలికి తొంగి చూశారు. చూసినవాడు నోరు మూసుకున్నాడు. పక్కవాడు చూశాడు, వాడూ మూసుకున్నాడు. చివరికి జెకర్యా పెద్ద చూశాడు. నిచ్చెన ఊపడం మానేసి, రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు, ఓబయ్య పడకుండా దిగడానికి.

మర్నాడు ఓబయ్య ఆకు మోసుకుని మళ్ళీ కప్పెక్కాడు. కిందనుంచి నార అందించింది జెకర్యా పెద్ద. "వాక్యంలోని ఆ ఊళ్ళో కప్పు మళ్ళీ ఎవరు నేశారో ఇప్పుడు తెలిసింది పెద్దా," అన్నాడు ఓబయ్య. "ఎవరు?" "విప్పినవాడే. అందుకే అయ్యగార్లకి తెలియదు."

ఓబయ్య పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆ గుడికి ఇప్పుడు స్లాబు వేశారు, తాటాకుతో పని లేదు. అయినా బల్ల ఉన్న ఆదివారం ఒక పచ్చి తాటాకు తెచ్చి గుమ్మం పైన కడతారు. ఆ రోజు ముందుగా అందరూ బయటికి వచ్చి నిలబడతారు. నడవలేనివాళ్ళు, ముసలివాళ్ళు, మోయాల్సినవాళ్ళు మొదట లోపలికి వెళతారు. పెద్దలు చివర వెళతారు. ఎవరైనా గుమ్మంలో ఆగితే, "జరగండి, ఓబయ్య నిచ్చెన వేస్తున్నాడు," అంటారు. అన్నవాళ్ళు కూడా ఒక్కోసారి గుమ్మంలో నిలబడే అంటారు. మనుషులు అంతే. అందుకే ఈ కథ మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వస్తోంది.

కథ గుమ్మం దాటి లోపలికి వెళ్ళింది. మీరూ వెళ్ళండి. వెళ్ళేముందు ఒక్కసారి వెనక్కి చూడండి.