బస్తా ఉప్పుకి బండెడు కట్టెలు

ఇనాయత్‌కి భూమ్మీద మహా జాలి. ఆ రేవు పట్నంలో ఫకీర్లుండే తకియాకి సరుకులు తెచ్చేది అతనే. నేలకి భారమయ్యేదేదీ తకియాలో వండకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. కానీ ఏది ఎంత భారమో తెలిసేదెలా?

ఒక పుస్తకం దొరికింది. తెరిస్తే నలుగురు పడుకోవచ్చు, అంత పెద్దది. ఎక్కడో చలిదేశపు పండితుడు, ఏ వస్తువు తయారవాలంటే ఎన్ని కట్టెలు కాలాలో, ఎన్ని నీళ్ళు పొయ్యాలో అందులో లెక్కగట్టాడు. ఉప్పు దగ్గర ఇలా ఉంది: బస్తాకి బండెడు కట్టెలు.

ఇనాయత్ గుండె చెరువైంది. ఆ పూట నుంచే తకియాలో ఉప్పు బందు.

నలభై రోజులు గడిచాయి. ఆ చప్పటి పప్పు చూసి ఈగలు పొరుగూరికి వలసపోయాయి. ముసలి ఫకీరొకాయన ఏడుస్తూ తింటుంటే, కన్నీళ్ళు పడ్డ ముద్ద నాకంటే నాకని పక్కవాళ్ళు కొట్టుకున్నారు. తకియా ఉప్పు మానేసిందని ఊరూ మానేసింది. గురువు లుక్మాన్ బాబా మాత్రం కిక్కురుమనకుండా తిన్నాడు.

నలభై ఒకటో రోజున నాంచారమ్మ వచ్చింది. ఊరి బయట ఉప్పుమడులు ఆమెవే.

"ఏం నాయనా, నా ఉప్పు ఏ అడవిని మింగిందంట?"

ఇనాయత్ ఆ పేజీ చదివి వినిపించాడు.

"ఆ పొయ్యి ఎక్కడుందో నాకూ చూపించు. చలికాలం కాళ్ళు కాచుకుంటా."

"పుస్తకం అబద్ధం చెప్పదు, నాంచారమ్మా."

"సరే. అమావాస్య దాకా చూస్తా. అప్పటికీ బస్తా కదలకపోతే మడులొదిలేసి కూలికి పోతాం, నేనూ నా కోడళ్ళూ."

బాబా లేచి వెళ్ళి రెండు ఖాళీ కుండలు తెచ్చాడు. ఇనాయత్ ముందు పెట్టాడు.

"ఊళ్ళోకొచ్చే ప్రతి బస్తా ఎక్కడిదో సుంకం చావడి గుమాస్తా రాసుకుంటాడు. నిరుటి దస్త్రం తెరిపించు. మన మడుల ఉప్పయితే ఈ కుండలో రాయి వెయ్యి, ఓడ దిగిందైతే ఆ కుండలో. ఆ పైన రెండు చోట్లకీ వెళ్ళి, ఎలా చేస్తారో అడుగు."

"మరి పుస్తకం, బాబా?"

"అదీ తీసుకెళ్ళు. చావడికి కప్పు లేదు. నెత్తిన పెట్టుకుంటే నీడిస్తుంది."

ఇనాయత్ వెళ్ళాడు. దస్త్రంలో పది బస్తాలకి తొమ్మిది మన మడులవే. మిగిలిన ఒక్కటీ, ఖాళీ ఓడ తూలిపోకుండా బరువుకని నింపుకొచ్చింది.

"మా దేశంలో సూర్యుడు చుట్టపుచూపుగా వస్తాడు" అన్నాడు రేవులో ఆ ఓడవాడు. "సముద్రపు నీళ్ళు కట్టెల మీద మరగబెట్టాల్సిందే."

తర్వాత మడులకి పోయాడు. ఆ చివర నుంచి ఈ చివరకి పొయ్యి కోసం వెతికాడు. అక్కడ కాలినవి అతని అరికాళ్ళే.

అమావాస్య ముందురోజు తకియాకి పరుగున వచ్చాడు. వస్తూనే పుస్తకంలో ఆ వాక్యం కొట్టేసి, పక్కన 'ఉప్పుకి కట్టెలక్కర్లేదు' అని రాయబోయాడు.

బాబా ఓడ ఉప్పు లెక్క కుండ తెచ్చి పేజీ మీద పెట్టాడు. అడుగున రాళ్ళు గలగలమన్నాయి.

ఇనాయత్ కలం ఆగింది. కుండ పక్కకి జరిపి రాశాడు: 'మన ఊళ్ళో, నిరుడు: పది బస్తాలకి బండెడు.'

మడి నుంచి బస్తా తనే వీపున మోసుకొచ్చాడు. వెనకాలే నాంచారమ్మ, చిల్లు పడలేదు కదా అని చూసుకుంటూ. ఆ మధ్యాహ్నం పప్పు ఉడుకుతుండగానే ఈగలు వలస నుంచి తిరిగొచ్చాయి.

"ఉప్పు తర్వాత ఏముందయ్యా అందులో?" అంది నాంచారమ్మ.

"బెల్లం."

ఇనాయత్ లేచాడు. కుండలు బోర్లించి రాళ్ళు పారబోసి, రెండూ చంకన పెట్టుకుని బయల్దేరాడు.

గుమ్మం దాటాక బాబా పిలిచాడు.

"ఇనాయత్, పుస్తకం మర్చిపోయావు. బయట ఎండగా ఉంది."