రాయిలో ఐదు రేకులు

ప్రశాంతబోధులు అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కారు. ప్రశ్న విని, చేతికర్ర అందుకుని, నడుద్దాం పద అనేవారు. సన్యాసం పుచ్చుకోక ముందు ఆయన కాకినాడలో భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పారు. ఉత్తరాది కొండల్లో ఆశ్రమం కట్టుకున్నాక ఆ చదువు వదిలేశానని అంటారు గాని, దారిలో వింత రాయి కనబడితే ఆయన కాలు ముందుకు సాగేది కాదు.

ఆయన శిష్యురాలు సుభాషిణి. ఒక్కగానొక్క కూతురు ఐదో ఏట జ్వరంతో పోతే, ఆ ఇంట్లో ఉండలేక ఈ కొండకు వచ్చింది. రుణం అంతవరకేననీ, మరిచిపొమ్మనీ చుట్టాలు చెప్పారు. ఆమె మరిచిపోలేదు, పిల్ల పేరెత్తడం మాత్రం మానేసింది. ఒక ఉదయం పూజకు పూలు కోస్తూ, నేలరాలినవాటిని చూసి గురువును అడిగింది.

"పండు కాకుండా రాలిపోయే పువ్వు అసలెందుకు పూస్తుంది స్వామీ?"

ఆయన ఆమెను వాగు దగ్గరికి తీసుకెళ్ళారు. పొగమంచు ఇంకా విడలేదు. ఒడ్డున అడవిగులాబీలు తెల్లగా పూసి, ఏది మంచో ఏది పువ్వో తెలియకుండా ఉన్నాయి. నీళ్ళు కోసిన గట్టులో, ఎప్పటిదో బురద పొరలు పొరలుగా బిగుసుకుని రాయైపోయింది. ఆయన చతికిలబడి, ఒక్కో పెళ్ల తీసి గులకరాయితో అంచున తట్టసాగారు. చాలావాటిలో ఏమీ లేదు. చివరికి ఒకటి పుస్తకంలా విచ్చుకుంది. లోపల రాయిలో అచ్చుపడ్డ ఐదు రేకులు, ఒకదాని అంచు కాస్త మడతపడి.

ఆ పువ్వు పూసిన రోజుల్లో ఇక్కడ చెరువు ఉండేదని ఆయన చెప్పారు. అంతకు ఎంతో ముందు భూమ్మీద పువ్వన్నదే లేదనీ, అంతా ఆకుపచ్చేననీ, తర్వాతెప్పుడో పూలు వచ్చాయనీ అన్నారు. గులాబీ అని పేరు పెట్టే మనిషి పుట్టకముందే ఇది పూసింది. కొమ్మన నిలిచి ఉంటే రేకులు విడివిడిగా రాలి, కాయ కట్టేది. ముందే తెగి నీళ్ళలో పడింది. బురద మెల్లగా కప్పుకుంది, అందుకే రేకులు చెదరకుండా మిగిలింది.

సుభాషిణి ఆ పెళ్లను చేతిలోకి తీసుకుని మడత మీద వేలు పెట్టింది. వాగు చప్పుడు దూరమైనట్టనిపించింది. కళ్ళ ముందు చూసేవాళ్ళెవరూ లేని చెరువు, దాని మీద తేలుతూ ఒక తెల్లని పువ్వు. ఎంతసేపలా కూర్చుందో ఆమెకు తెలియలేదు.

"మా నీలవేణి..." అంది. ఆ పేరు తన నోట విని తనే ఉలిక్కిపడింది.

ఎలా ఉండేదని గురువు అడిగారు. చెప్పులు ఎప్పుడూ తారుమారుగా తొడుక్కునేదనీ, నిద్రలో నవ్వేదనీ, సున్నుండ దాచిపెట్టి దాచిన చోటు మరిచిపోయేదనీ ఆమె చెప్పుకుపోయింది. చెబుతూ ఏడ్చింది, ఒకచోట నవ్వింది కూడా. ఆమె మాటలు ముగిసేసరికి ఎండ వచ్చింది.

లేవబోతూ ఆమె కళ్ళు తుడుచుకుంది. "నేనడిగినదానికి మీరు జవాబే చెప్పలేదు స్వామీ. ఈ పువ్వు ఎందుకు పూసినట్టు?"

ప్రశాంతబోధులు ఆమె దోసిట్లోకి చూశారు.

"నీ చేతిలో ఉన్నది రాయి తల్లీ," అన్నారు. "నువ్వు పువ్వు అంటున్నావు."