కాడికి రెండెద్దులే

వేరుశనగ కోతలు అయిపోయాయి. ఆసాములు సంతకు పోయిన మధ్యాహ్నం కళ్లంలో జంతువులదే రాజ్యం. కోటయ్య నక్క ఎక్కడ నేర్చాడో గానీ ఓ కొత్త పేకాట పట్టుకొచ్చాడు. మనిషికి నాలుగు ముక్కలు, నేల మీద అయిదు. చేతిలోవి సరిగ్గా రెండు, నేల మీదవి మూడు కలిపి ఎవరి జట్టు పెద్దదైతే పందెం వాళ్లది. ఒకేలాంటివో వరసవో కలిస్తే మంచి జట్టు, అయిదూ ఒకే గుర్తువైతే ఇంకా పెద్దది. పందెం వేరుశనక్కాయలు.

మంగ మేక తినకుండా కాయలు దాచిందంటేనే వింత. కోతల్లో రాలిన పరిగె ఏరి బుట్టెడు కూడబెట్టింది. రేపు దాని కవల పిల్లల బారసాల. వచ్చినవాళ్లకి తలా కాసిని పెట్టకపోతే పరువేం కాను? ఒక బుట్టను రెండు చేద్దామని ఆటకు కూర్చుంది.

నేల ముక్కలు తెరవకముందే కోటయ్య మీసం దువ్వి, "పది కాయలు పెంచా," అనేవాడు.

"నాలుగున్నాయి, ఏదో ఒకటి తగలకపోతుందా," అని మంగ పదీ పెట్టేసేది. మేతలో ఆకు ఎంచని మేక పేకలో ముక్క ఎంచుతుందా? సగం బుట్ట ఖాళీ అయింది.

భీమన్న ఎద్దు మాత్రం పందెం పెరిగినప్పుడల్లా ముక్కలు పడేసేవాడు.

"ఆడటానికొచ్చావా భీమన్నా, నెమరేయడానికొచ్చావా?" అన్నాడు కోటయ్య.

"రెండూ," అన్నాడు భీమన్న.

ఈసారి మంగ చేతికి మూడు రాజులు, ఒక రెండంకె ముక్క వచ్చాయి. దాని గుండె గంతులేసింది. కోటయ్య ఇరవై పెంచాడు. మంగ బుట్టలోకి మూతి పెట్టబోతూ ఆగి, "భీమన్న మామా, వచ్చినవన్నీ ఎందుకు పడేస్తావు?" అని అడిగింది.

"కాడికి రెండెద్దులే కడతారమ్మాయ్. మూడోది గట్టు మీద నిలబడాల్సిందే. జత నడవనివి ఎన్నుంటే ఏం?"

కోటయ్య పకపకా నవ్వాడు. మంగ నవ్వలేదు. మూడో రాజు గట్టు మీదే. పైగా అది తన చేతిలో ఇరుక్కుంది కాబట్టి నేల మీదకి రాదు. మనసు చివుక్కుమన్నా ముక్కలు పడేసింది.

తరవాతి పంపకంలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు రాజు, ఆఠీను రాణి, ఆఠీను జాకీ వచ్చాయి. ఏ రెండు కట్టినా నడిచే జతే. కోటయ్య ఇరవై పెంచాడు. మంగ నలభై చేసింది.

"మళ్లీ ఆకలేసిందా మరదలా?" అని కోటయ్య తన కుప్పంతా ముందుకు తోశాడు. మంగ బుట్ట బోర్లించింది. బారసాల అంతా ఆ నేల మీదే ఉంది.

నేల ముక్కలు తెరిచారు. అయిదింటిలో మూడు ఇస్పేట్లు. మంగవి రెండు కలిస్తే అయిదూ ఇస్పేట్లే.

కోటయ్య దర్జాగా ముక్కలు పరిచాడు. "చేతిలోనే మూడు ఆసులు!"

"కాడికి రెండే బావా," అంది మంగ. "నాలుగోది నా దగ్గరుంది. నేల మీద ఇంకేం వస్తుంది?"

కోటయ్య తన ముక్కలు మళ్లీ లెక్కపెట్టుకున్నాడు. ఎదుటివాళ్ల తొందర మీద బతికి బతికి, తన ముక్కలు చూసుకోవడమే మానేశాడు పాపం.

మర్నాడు బారసాల దివ్యంగా జరిగింది. చివరి పంక్తిలో తల దించుకుని కూర్చున్న కోటయ్య ముందు మంగ రెండు కాయలు పెట్టింది. అతని మొహం చూసి, నవ్వాపుకోలేక చేటెడు కుమ్మరించింది.

చేతికొచ్చినవన్నీ పందేనికి రావు, జత కుదిరినవే వస్తాయి.