పాలబండి ట్యాంకు మూత

బాపట్ల నుంచి రేపల్లె పోయే రోడ్డు మీద డీజిల్ బండ్లు బాగుచేసే ఖాసిం మేస్త్రికి ఒక అలవాటుండేది. ఎంత వెతికినా లోపం పట్టుబడకపోతే, అందరు మెకానిక్కుల్లా "బండిలో ఏమీ లేదు" అనేవాడు కాదు. "నాకు దొరకలేదు" అనేవాడు. నలభై ఏళ్ళ అనుభవమున్న మనిషి కస్టమర్ల ముందు అలా చేతులెత్తేయడం ఆయన శిష్యుడు బ్రహ్మానికి బొత్తిగా నచ్చేది కాదు. బ్రహ్మం ముప్ఫై రెండేళ్ళవాడు, ఎనిమిదేళ్ళుగా ఆయన దగ్గరే పనిచేస్తున్నాడు, రేపోమాపో సొంత షెడ్డు వేసుకోబోతున్నాడు. పనితనం ఉంది. ఆ పనితనం ఉందని నలుగురూ అనుకోవాలన్న యావ అంతకన్నా ఎక్కువగా ఉంది.

మేస్త్రి కంటి ఆపరేషనుకి గుంటూరు వెళ్ళి, పది రోజుల తర్వాత నల్లద్దాలు పెట్టుకుని తిరిగొచ్చాడు. ఆ మధ్యాహ్నమే బ్రహ్మం ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువు గారూ, దొరకలేదంటే మనకి పని రాదనుకుంటారు. ఎంత వెతికాక 'ఏమీ లేదు' అనొచ్చో దానికొక హద్దు చెప్పండి."

మేస్త్రి హద్దూ చెప్పలేదు, అదుపూ చెప్పలేదు. "నేను లేనప్పుడు అన్నావా ఏంటి, ఆ మాట?" అన్నాడు.

అన్నాడు. అన్నట్టు గురువుకి కాస్త గొప్పగానే చెప్పుకున్నాడు కూడా.

పాలకేంద్రం తులశమ్మ గారి పికప్పు బండి నెల రోజులుగా నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది. పొద్దున్నే పాలక్యాన్లు ఎక్కించుకుని బయల్దేరితే, సరిగ్గా నక్కలవారిపాలెం అడ్డరోడ్డు దగ్గరకొచ్చేసరికి ఇంజను చచ్చిపోతుంది. ఎండకి పాలు విరుగుతున్నాయి. బండి తోలే ఏసోబు యాభై నాలుగేళ్ళవాడు, పదకొండేళ్ళుగా ఆమె దగ్గరే ఉన్నాడు. ఆ అడ్డరోడ్డులోనే అతని చెల్లెలు మరియమ్మకి టిఫిను బండి ఉంది. ఆగిన ప్రతిసారీ అతను దిగి డీజిల్ ట్యాంకు మూత తీస్తున్నాడని చూసినవాళ్ళు చెప్పారు. చెల్లెలి ఊరు, తెరిచిన ట్యాంకు. డీజిల్ కాజేస్తున్నాడన్న అనుమానానికి ఇంతకన్నా ఏం కావాలి? అయినా తులశమ్మ గారు న్యాయంగా బండిని ముందు షెడ్డుకే పంపింది.

బ్రహ్మం మూడు రోజులు చూశాడు. ఫిల్టరు మార్చాడు, పైపులు ఊదాడు, వైర్లు తడిమాడు, రోజూ దగ్గర్లోని కాలువ వంతెన దాకా తోలుకెళ్ళి వచ్చాడు. ఒక్కసారీ ఆగలేదు. పక్కనే నిలబడ్డ ఏసోబు, "మూత తీసి మళ్ళీ పెడితే నడుస్తంది బ్రహ్మం గారూ, ఎందుకో నాకు తెలవదు," అని రెండుసార్లు చెప్పాడు. బ్రహ్మానికి ఆ మాట దొంగ తనంతట తాను దొరికిపోయినట్టు వినపడింది. సాయంత్రం పాలు పోసే వేళ, ఇరవై మంది క్యాన్లతో నిలబడి ఉండగా, తులశమ్మ గారు బ్రహ్మాన్ని అడిగింది. అతను చేతులు గుడ్డకి తుడుచుకుని, అందరికీ వినపడేట్టు చెప్పాడు.

"బండిలో ఏమీ లేదమ్మా. ఆగినప్పుడల్లా మూతెందుకు తీస్తున్నాడో ఆయన్నే అడగండి."

జనం నవ్వారు. ఏసోబు ఏదో చెప్పబోయి ఆగి, తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. సోమవారం నుంచి కొత్త డ్రైవరు. ఈలోగా ఆయిలు మార్చమని బండిని మళ్ళీ షెడ్డుకి తెచ్చి వదిలారు.

అంతా విని మేస్త్రి, "ఆ బండి తియ్యి," అన్నాడు. ఆ బండికి రోజూ ఎన్ని పాలక్యాన్లు ఎక్కిస్తారో అడిగి, అన్ని క్యాన్లలో నీళ్ళు నింపించి ఎక్కించాడు. రోజూ పొద్దున పోయించే బంకులోనే, రోజూ పోయించినట్టే ట్యాంకు నిండా డీజిల్ పోయించాడు. తన కళ్ళు ఇంకా కుదుటపడలేదు కాబట్టి స్టీరింగు బ్రహ్మానికిచ్చి పక్కన కూర్చున్నాడు. కాలువ వంతెన దాటింది. బ్రహ్మం ధీమాగా ఉన్నాడు. మరో పన్నెండు కిలోమీటర్లు పోయాక యాక్సిలేటరు ఎంత తొక్కినా బండి అందుకోవడం మానేసింది. రెండుసార్లు ఎగిసిపడి, మరియమ్మ టిఫిను బండికి ఇరవై అడుగుల దూరంలో ఆగిపోయింది.

"ఏసోబు ఏం చేసేవాడన్నావు?" అని అడిగాడు మేస్త్రి.

"మూత తీసేవాడు."

"తియ్యి."

తిప్పగానే ట్యాంకు ఉస్సుమని గాలి లోపలికి గుంజుకుంది. మూత వెనక్కి తిప్పి చూస్తే లోపలివైపు నల్లటి రబ్బరు బిళ్ళ ఉంది. బ్రహ్మం దాన్ని వెంటనే గుర్తుపట్టాడు. నెల కిందట, మలుపుల్లో డీజిల్ చిందుతోందని ఏసోబే వచ్చి చెబితే, పాత ట్యూబు ముక్క కత్తిరించి తన చేత్తో వేసిన వాషరు అది. ఎంత గుండ్రంగా కుదిరిందో అని మురిసిపోయాడు కూడా. ట్యాంకులోకి గాలి పోయే సన్నటి బెజ్జం ఆ మూతలోనే ఉంటుంది. వాషరు దాన్ని మూసేసింది. డీజిల్ ఖర్చవుతున్నకొద్దీ దాని చోటులోకి గాలి రాక, పంపు లాగలేక, ఇంజను ఆగిపోతోంది. రోజూ అదే నిండు ట్యాంకు, అదే బరువు, అదే దారి కాబట్టి రోజూ అదే చోట. షెడ్డులో మాత్రం పరీక్ష మొదలుపెట్టగానే డీజిల్ ఎంతుందో చూడ్డానికి బ్రహ్మం మూత తీసేవాడు. ఆ తర్వాత వంతెన దాకా వెళ్ళొచ్చేవాడు. ఇక అది ఎందుకు ఆగుతుంది? వాషరు పీకేసి, మూత పెట్టి, తాళం తిప్పితే బండి బుద్ధిగా స్టార్టయింది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

మేస్త్రి టిఫిను బండి వైపు చూశాడు. బ్రహ్మం దిగి వెళ్ళాడు.

"ఏసోబు ఎక్కడున్నాడమ్మా? తప్పు ఆయనది కాదు. నాది. నేనేసిన వాషరు వల్ల ఆగింది బండి."

మరియమ్మ గిన్నెలు తోముతున్నది తోముతూనే ఉంది. "హైదరాబాదు లారీ మీద క్లీనరుగా ఎక్కాడు. ఈ చుట్టుపక్కల ఎవరూ స్టీరింగు ఇవ్వట్లా. ఇరవై ఏళ్ళ డ్రైవరోడు కేకేస్తే దిగి టైరు కింద రాయి పెడతన్నాడు."

"ఫోను నంబరివ్వమ్మా, నేనే చెప్తాను."

"ఎవరి ఫోనూ ఎత్తట్లా. నాదీ ఎత్తట్లా. నా బండి ఇక్కడుండబట్టే గదా వాళ్ళట్టా అనుకుంది." తలెత్తకుండానే మళ్ళీ అంది. "పాలకేంద్రం ఆమెకి చెప్తావు, సరే. ఆ రోజు నిలబడి నవ్వినోళ్ళకి?"

ఇద్దరూ తిరుగు దారి పట్టారు. బండి ఎక్కడా ఆగలేదు. మేస్త్రి దాన్ని షెడ్డుకి పోనివ్వకుండా నేరుగా పాలకేంద్రం ముందు ఆపించాడు. సాయంత్రం పాల వేళ. ఆ రోజున్న జనంలో చాలామంది క్యాన్లతో నిలబడే ఉన్నారు. బ్రహ్మం ఇంజను కట్టేసి, ఆ రబ్బరు బిళ్ళ చేత్తో పట్టుకుని దిగాడు. సిగ్గు పడ్డా దాచుకోలేదు. బెజ్జం చూపించాడు, వాషరు పెట్టి చూపించాడు, తప్పు తనదేనని, ఏసోబుది కాదని రెండు చేతులూ జోడించి చెప్పాడు. తులశమ్మ గారు బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అయ్యో పాపం," అంది. ఆ తర్వాత, "కొత్త డ్రైవరుకి మాటిచ్చేశాను బ్రహ్మం. ఇప్పుడు కాదంటే బాగుండదు," అంది.

వరసలో ముందున్న పెద్దాయన క్యాను కింద పెట్టి సావధానంగా అంతా విన్నాడు. విని, "మూత సంగతి సరేలే అబ్బాయ్. మరి ఆ డీజిలంతా ఎటు పోయినట్టు?" అన్నాడు.

"డీజిలు పోనేలేదు బాబాయ్. పోయిందని ఎవరన్నారు?"

"అంతేలే, అంతేలే," అన్నాడాయన పక్కవాడి మొహం చూసి. పక్కవాడు నవ్వాపుకుంటూ తల తిప్పుకున్నాడు. వరస ముందుకి జరిగింది.

బ్రహ్మం వచ్చి బండెక్కాడు. స్టీరింగు మీద చేతులు వేశాడు. "నమ్మలేదు గురువు గారూ," అన్నాడు.

మేస్త్రి నల్లద్దాలు తీసి లుంగీ చెంగుతో తుడుచుకున్నాడు.

"నమ్మకపోవడమేంటి? నీ మాటే నమ్మారు. మొదట చెప్పింది."