ఎనిమిదో ఫిడేలు

సుభాషిణి వచ్చేసరికి దాలినాయుడు మాస్టారు అరుగు మీద కూర్చుని ఫిడేలుకి కొత్త తీగ ఎక్కిస్తున్నారు. ఆమె చెప్పులు విప్పి, దణ్ణం పెట్టి, ఏడుపు మొహంతో అలాగే నిలబడిపోయింది.

"ఏటమ్మా, మీ బడి గాని కూలిపోయిందా?"

"బడి బాగానే ఉంది మాస్టారూ. నా వల్ల ఒక పిల్లకి నోరు పడిపోయింది."

దాలినాయుడు మాస్టారంటే మాటలా! ఆయన ఫిడేలు కమాను తీస్తే పక్క వీధిలో పొయ్యి మీది పాలు కూడా పొంగడం మాని వినేవట. ఆయన ఉరిమి చూస్తే గోడ మీది బల్లి తాళం తప్పేది కాదు. అటువంటి మనిషి దగ్గర సుభాషిణి పన్నెండేళ్ళు నేర్చుకుంది. అందులో మొదటి రెండేళ్ళూ ఫిడేలు వంక చూడ్డమే గాని ముట్టుకున్నది లేదు. "స్వరం ముందు నోట పలకాలి. నోట పలకంది చేత పలకదు" అన్నది మాస్టారి శాసనం.

శిష్యులకి ఆయన ఏం చేసినా శాసనమే. నవ్వొస్తే ఆయన కండువా కొస నోటికి అడ్డం పెట్టుకుంటారు. అది విద్వాంసుల గాంభీర్యం కాబోలనుకుని, ఊళ్ళో ఉన్న నలభైమంది శిష్యులూ అలాగే నవ్వడం నేర్చారు. కండువా లేని సుభాషిణి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఆమె పెళ్ళి ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ నోరు కనపడదు.

ఆమె సంగీతం టీచరుగా చేరిన ప్రాథమిక పాఠశాలకి ఎవరో పుణ్యాత్ముడు ఎనిమిది చిన్న ఫిడేళ్ళు ఇచ్చాడు. రెండో తరగతిలో ఎనిమిదిమంది పిల్లల్ని ఏరి, మూడు నెలల పాటు వట్టి స్వరాలే పాడించింది. ఎవరి నోట స్వరం శుద్ధంగా పలికితే వాళ్ళ చేతికి ఫిడేలు. ఒకటొకటిగా ఏడు ఫిడేళ్ళు పెట్టెల్లోంచి బయటికొచ్చాయి. ఎనిమిదోది రాలేదు.

అది పైడితల్లికి రావలసింది. ఆ పిల్లకి ముందరి పళ్ళు నాలుగూ ఒకే వారంలో ఊడాయి. ఆ సందులోంచి గడ్డి బండి తోలుకుపోవచ్చు. "స" అనమంటే "థ" అని వస్తుంది.

"కొట్టలేదు, తిట్టలేదు మాస్టారూ" అంది సుభాషిణి. "స అను, థ కాదు, స పలికాకే ఫిడేలు, అన్నానంతే. రోజూ అన్నాను. తోటి పిల్లలు నవ్వేవారు. ఇప్పటికి పన్నెండు రోజులైంది. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది గాని నోరు విప్పదు. పొద్దున్న వాళ్ళమ్మ వచ్చింది. 'ఇంటికాడా మాటాడతం నేదు టీచరమ్మా. మాకీ పాటొద్దు, వచ్చీ వారమే మానిపించెత్తాను' అంది."

"నువ్వేటన్నావు?"

"మీ మాటే అన్నాను. నోట పలకంది చేత పలకదని." ఆయన మొహంలోకి చూసింది. "నేను చేసింది తప్పా మాస్టారూ?"

మాస్టారు తీగ మీటి చూశారు. చెవి దగ్గర పెట్టుకుని ఇంకొంచెం బిగించారు.

"రేపు మీ బడికొస్తాను" అన్నారు.

మర్నాడు సంగీతం పీరియడుకి సరిగ్గా వచ్చారు. తెల్లటి పంచె, భుజాన కండువా. ఆయన్ని చూడగానే పిల్లలు ఎంతలా చప్పబడిపోయారంటే, గోడ గడియారం తన చప్పుడుకి తనే సిగ్గుపడింది. కుర్చీ వేస్తే వద్దన్నారు. వెళ్ళి చాప మీద పైడితల్లి పక్కన కూర్చున్నారు. ఆ పిల్ల పెదాలు బిగించుకుని తన మోకాళ్ళ వంక చూసుకుంటోంది.

"టీచరమ్మా, గ్లాసుడు నీళ్ళియ్యి."

సుభాషిణి స్టీలు గ్లాసుతో తెచ్చి ఇచ్చింది. మాస్టారు తాగలేదు. నోట్లో వేళ్ళు పెట్టి, పై వరసా కింది వరసా బయటికి తీసి, టపుక్కున నీళ్ళలో వేశారు.

కట్టుడు పళ్ళు! ఇరవై ఏళ్ళ బట్టీ ఆ రహస్యం పళ్ళ డాక్టరుకీ పైనున్న దేవుడికీ తప్ప మూడో ప్రాణికి తెలీదు. ఆయన ఇల్లాలిక్కూడా అనుమానమే గాని రూఢిగా తెలీదు.

సుభాషిణికి ఆ కండువా కొస గుర్తొచ్చింది. ఆ వెంటనే తన చెయ్యి కూడా గుర్తొచ్చింది.

మాస్టారి బుగ్గలు లోపలికి పోయాయి. మొహం సగానికి సగం తగ్గిపోయింది. సింహంలాంటి మనిషి చూస్తూండగానే ఎండు ఉసిరికాయ అయిపోయారు. తొడ మీద తాళం వేసుకుంటూ మొదలుపెట్టారు.

"థ... రి... గ... మ..."

పిల్లలు పగలబడి నవ్వారు. బడి పైకప్పు జానెడు పైకి లేచి మళ్ళీ కూర్చుంది. ఆయన ఆపలేదు. పైదాకా పాడి కిందికి దిగారు. మళ్ళీ ఎక్కారు. రెండోసారికి నవ్వు సగమైంది. మూడోసారికి ఒక్కళ్ళూ నవ్వలేదు. ఆయన "థ" వెళ్ళి పక్కన మోగుతున్న శ్రుతిపెట్టెలోని "స"తో కలిసిపోయింది. ఏది మనిషి గొంతో ఏది పెట్టె గొంతో ఎవరికీ తెలీలేదు.

నాలుగోసారి, పక్కనుంచి సన్నగా ఇంకో "థ" వచ్చి కలిసింది.

మాస్టారు తలతిప్పి చూడలేదు. నాలుగు స్వరాలు తోడు నడిచి, మెల్లిగా తన గొంతు తగ్గించుకుని ఆగిపోయారు. పైడితల్లి మోకాళ్ళ వంక చూస్తూనే ఒక్కతీ పైకెక్కింది. ప. ద. ని. చివర మళ్ళీ "థ". వెంట్రుక వాసి అటూ ఇటూ కాలేదు.

అప్పుడు మాస్టారు సుభాషిణి వైపు తిరిగి, చాలా వినయంగా అడిగారు.

"టీచరమ్మా, నాకో ఫిడేలు ఇత్తావా? నా నోట కూడా థ అనే వత్తాది మరి."

సుభాషిణి బీరువా దగ్గరికి వెళ్ళి ఎనిమిదో పెట్టె తీసింది. మూడు నెలల దుమ్ము తన చీర కొంగుతోనే తుడిచింది. తెచ్చి, మాస్టారి ముందు ఆగకుండా, పైడితల్లి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. ఫిడేలు ఒళ్ళో పెట్టింది. కమాను వేళ్ళకి అమర్చింది.

పైడితల్లి కమాను పట్టుకుని, గ్లాసులో ఉన్న పళ్ళ వంక చూసింది. మాస్టారి బోసినోటి వంక చూసింది. ఆ పిల్ల మొహం జాలితో నిండిపోయింది.

"తాతా" అంది. పన్నెండు రోజుల తర్వాత మొదటి మాట. "నాకు మల్లీ వత్తాయంట. మాయమ్మ అన్నాది. నీకూ వత్తాయిలే, బెంగెట్టుకోకు."

సుభాషిణికి నవ్వాగలేదు. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది.

మాస్టారు కండువా తీసి చాప మీద పెట్టేశారు.

"అలాగే తల్లీ. అవొచ్చీదాకా నువ్వు వాయించు."