బండ మీద మోదుగాకు

చిట్టడవి అంచున, వాగు ఒడ్డున ఒక నల్లబండ ఉంది. అక్కడి జంతువులకు అదే పెద్ద పుస్తకం. ఏ దుంప తింటే కడుపునొప్పి, ఏ మడుగులో మొసలి ఉంది, తాబేలు తాత ఏ కథ చెప్పాడు, ఎవరికి తెలిసింది వాళ్లు సుద్దతో రాస్తారు. తప్పుంటే ఇంకొకరు దిద్దుతారు.

ఒకరోజు కుందేలు ఆ బండ ముందు కూలబడి ఏడ్చింది.

"తాబేలు తాత ఏనుగురాజు కథ సగమే చెప్పాడు. మిగతాది రేపు విందామని ఎంత ఉబలాటపడ్డానో! ఇక్కడ ఎవరో చివర ఏమైందో రాసిపారేశారు."

"బండ ఉన్నదే తెలుసుకోడానికి. దానికి ఏడుపెందుకు?" అన్నాడు ఎద్దు ఎర్రన్న.

"కావాలన్నవాళ్లు తెలుసుకోనీ మామా. వద్దన్నవాళ్ల కళ్లల్లో పొడవడమెందుకు?"

పంచాయితీ కూర్చుని తేల్చింది. కథ ముగింపు మీద మోదుగాకు అంటించాలి. చూడాలనుకున్నవాళ్లు ఎత్తి చూసుకోవచ్చు. నాకైతే ఈ ఏర్పాటు భలే నచ్చింది. పది రోజుల్లోనే ఎంత అలవాటైందంటే, ఆకు కనిపిస్తే చాలు, అందరూ మర్యాదగా తల తిప్పుకుని పోయేవారు.

ఆ మర్యాద నక్క జంబయ్య కంటపడింది. బండ మీద అతని సంగతీ ఉంది మరి. "జంబయ్య విందుకు పిలుస్తాడు. నూకలు పోస్తాడు. పాటలు పాడతాడు. ఆపైన తలుపు మూసి తినేస్తాడు. బాతు కుటుంబం అలాగే పోయింది." చివరి రెండు వాక్యాల మీద గుట్టుగా ఆకు అంటించి, ఊరి నుంచి వాగు ఇవతలికి కొత్తగా వచ్చిన కోడి చుక్కమ్మ దగ్గరికి వెళ్లాడు.

"అక్కా, రేపు మధ్యాహ్నం మా ఇంట విందు. పిల్లలు ఏడుగురినీ తీసుకురా. అనుమానముంటే బండ చూసుకో!"

చుక్కమ్మ వెళ్లి చూసింది. నూకలు, పాటలు, ఆ తర్వాత ఆకు. తనూ మర్యాదస్తురాలే కదా, తల తిప్పుకుని రెండడుగులు వేసింది. అంతలోనే ఒళ్లు జలదరించింది. ఇది తాత చెప్పిన కథ కాదే! వెళ్లేది నా పిల్లలే! గబగబా వెనక్కి వచ్చి ముక్కుతో ఆకు పీకేసింది. చదివాక పట్టరాని కోపం వచ్చింది.

దారిలో జంబయ్య ఎదురయ్యాడు. "వస్తున్నట్టేగా అక్కా?"

"రాకుండా ఉంటామా తమ్ముడూ? మావాళ్లను కూడా వెంటబెట్టుకొస్తా."

నక్కకు నోట్లో నీళ్లూరాయి. "ఎవరెవరు? ఎంతమంది?"

"అది ముందే చెప్పేస్తే నీకు మజా ఏముంటుంది?"

మర్నాడు మధ్యాహ్నం గుమ్మం దగ్గర అలికిడైంది. జంబయ్య పాట అందుకుని తలుపు బార్లా తీశాడు. ఎదురుగా ఆరు ఊరకుక్కలు, వాటి వెనక కొమ్ములు దించిన ఎర్రన్న! పాట గొంతులోనే ఆగిపోయింది. వెనక కన్నంలోంచి దూరి పారిపోయేసరికి తోక సగమే మిగిలింది. మళ్లీ అతను వాగు ఇవతల కనబడితే ఒట్టు.

నూకలు మాత్రం పిల్లలు కడుపారా తిన్నాయి.

నీతి: కథలో మలుపును దాచడం మర్యాద, బతుకులో ముప్పును దాచడం ద్రోహం.